సగం అంటే దేనిలో సగం?

(కమిటీలు, మీటింగులు, తీర్మానాల మీద పాఠకుల ప్రశ్నలకు, మీటింగుల్లో జరిగింది నమోదు చేసే మినిట్స్ పుస్తకం 31 ఏళ్లు రాసి రిటైరైన ఒక విశాఖ ఉద్యోగిని జవాబులు)

ఎండలు ముదిరి నీళ్ల ట్యాంకర్లు తిరగడం మొదలైతే అపార్ట్‌మెంట్ అసోసియేషన్లలో గొడవలు కూడా మొదలవుతాయి. మన ఊళ్లో ఇది ఏటా ఉండేదే. ఈ నెల సంచీలో ఉత్తరాలు ఎక్కువే వచ్చాయి. ఒకటి మాత్రం పూర్తిగా విప్పి చెప్పాల్సినది, అందుకని దానికి చోటు ఎక్కువ ఇచ్చాను. మిగతావాళ్లు ఏమనుకోవద్దు.

ప్రశ్న: అమ్మా, మాది మధురవాడ దాటాక ఒక గేటెడ్ కమ్యూనిటీ. 5 బ్లాకులు, 186 ఫ్లాట్లు, 11 మంది కార్యవర్గం. నేను కార్యదర్శిని. పని పెరిగిందని నీళ్లకు, సెక్యూరిటీకి, లెక్కలకు, పండుగలకు నాలుగు సబ్ కమిటీలు వేశాం. నియమాలు రెండు వాక్యాల్లో రాసుకున్నాం: "ఆసక్తి ఉన్నవారందరూ సభ్యులే. మెజారిటీ నిర్ణయం చెల్లుతుంది." అన్ని కమిటీల్లోనూ అధ్యక్షుడు ఉంటారని మూడో వాక్యం ఆయనే చేర్చారు. పోయిన నెల నీళ్ల కమిటీవాళ్లు వాట్సాప్‌లో పోల్ పెట్టి 14–11తో ట్యాంకర్ల కాంట్రాక్టరును మార్చేశారు. తీరా చూస్తే ఓటేసినవాళ్లలో ఒకే ఫ్లాటు భార్యాభర్తలు రెండు జంటలు, అద్దెకున్నవాళ్లు ముగ్గురు, ఫ్లాటుకు తాళం వేసి డాలస్‌లో ఉంటున్న ఆయన ఒకరు. కొత్త కాంట్రాక్టరేమో మా కోశాధికారి బావమరిది. ఒక వర్గం చెల్లదంటుంది, ఇంకో వర్గం మెజారిటీ మాదే అంటుంది. నాకు టెన్షన్‌తో నిద్ర పట్టడం లేదు. నియమాలు ఎలా రాసుకోవాలో చెప్పండి. — ఒక కార్యదర్శి, మధురవాడ

జవాబు: మీ మూడు వాక్యాల్లో మొదటిదే కొంప ముంచింది. "ఆసక్తి ఉన్నవారందరూ" అన్నారు. వాళ్లెంతమంది? సోమవారం తొమ్మిది మంది కావచ్చు, కాంట్రాక్టు విషయం వచ్చిన రోజు పాతిక మంది కావచ్చు. చిన్నప్పుడు భిన్నాలు చదువుకున్నాం కదా, పైన లవం, కింద హారం. ఓటింగులో గొడవంతా లవం మీదే జరుగుతుంది, నాకు 14 వచ్చాయి, నీకు 11 వచ్చాయి అని. కింద హారం ఎంతో ఎవరికీ పట్టదు. హారం తెలియకుండా మెజారిటీ అనే మాటకు అర్థమే లేదమ్మా. సగానికి పైన అంటే దేనిలో సగం?

కాబట్టి ముందు సంఖ్య కట్టండి. మీకు 5 బ్లాకులున్నాయి. బ్లాకుకు ఒకరు, ఆ పని తెలిసినవాళ్లు మరో ఇద్దరు, మొత్తం 7. నీళ్ల కమిటీకైతే మోటార్ల సంగతి తెలిసిన మనిషి ఒకరు, లెక్కల కమిటీకైతే పద్దులు చదవగలిగినవాళ్లు ఒకరు తప్పకుండా ఉండాలి. పేర్లు మినిట్స్‌లోకి ఎక్కాలి. ఎక్కిన పేరుకే ఓటు. మిగతావాళ్లు వచ్చి కూర్చోవచ్చు, మాట్లాడొచ్చు, అరవకపోతే ఇంకా మంచిది. గడువు రెండేళ్లు పెట్టుకోండి. కానీ అందరూ ఒకేసారి దిగిపోకుండా మొదటిసారి ముగ్గురికి ఏడాదే ఇవ్వండి. లేదంటే రెండేళ్లకోసారి బోరు స్విచ్ ఎక్కడుందో తెలిసినవాళ్లు ఒక్కరూ మిగలరు.

ఇక ఓటు ఫ్లాటుదా, మనిషిదా? సర్వసభ్య సమావేశంలో సాధారణంగా ఫ్లాటుకొక ఓటు అని బైలాల్లో, అంటే సంఘం నియమావళిలో, ఉంటుంది. మీ బైలాలు తీసి చూడండి. అక్కడ భార్యాభర్తలిద్దరి పేరునా ఫ్లాటున్నా ఇద్దరికీ కలిపి ఒకే ఓటు, ఎవరు వేస్తారో వాళ్లు ముందే రాసివ్వాలి. మూడు ఫ్లాట్లున్నాయన ఆ సమావేశంలో మూడు ఓట్లు వేస్తే వేయనివ్వండి. కమిటీలో మాత్రం ఆయనకూ ఒక్క చెయ్యే. కమిటీ అంటే మనుషులు కూర్చుని ఆలోచించేది, అక్కడ చదరపు అడుగులకు పని లేదు.

అద్దెకున్నవాళ్ల విషయంలో నా అభిప్రాయం చాలామంది ఓనర్లకు నచ్చదు. ట్యాంకర్ నీళ్లు తాగేది వాళ్లు, రాత్రి పన్నెండింటికి గేటు దగ్గర హారన్ కొట్టేది వాళ్లు. నీళ్లు, సెక్యూరిటీ, పండుగల కమిటీల్లో వాళ్లకూ ఒక కుర్చీ, ఓటుతో సహా ఇవ్వండి. లెక్కల కమిటీలో వద్దు. అయితే మీ బైలాల ప్రకారం సభ్యత్వం ఓనర్లకే ఉంటే, అద్దెవాళ్లున్న కమిటీ సిఫారసు మాత్రమే చేయాలి, ఖరారు చేసేది కార్యవర్గం.

ఈ సిఫారసు, ఖరారు తేడా మీ నియమాల్లో ఎక్కడా కనపడలేదు. నీళ్ల కమిటీకి ఏడాది కాంట్రాక్టు మార్చే అధికారం ఎవరిచ్చారు? పది వేల వరకు కమిటీ తనంతట తాను ఖర్చు పెట్టొచ్చు, ఆ పైన ఏదైనా కార్యవర్గం ముందుకు రావాలి అని ఒక గీత గీయండి. అంకె మీ ఇష్టం, గీత మాత్రం ఉండాలి.

ఇప్పుడు మీ అధ్యక్షుడి వాక్యం. ఆయన అన్ని కమిటీల్లో ఉంటే ఏమవుతుంది? కోరానికి, అంటే మీటింగు చెల్లడానికి కనీసం ఉండాల్సిన సంఖ్యకు, ఆయన్నీ లెక్క కట్టాలి. ఆయన ఊళ్లో లేని వారం నాలుగు కమిటీలకూ ఒక తల తగ్గుతుంది. ఆయన ఉన్న రోజు మిగతావాళ్లు ఆయన మొహం చూసి చెయ్యెత్తుతారు. "అధ్యక్షుడు ఏ కమిటీకైనా రావచ్చు, మాట్లాడవచ్చు. కోరంలో లెక్క లేదు, ఓటు లేదు" అని మార్చండి. లెక్కల కమిటీలో ఆయన గానీ కార్యదర్శిగా మీరు గానీ కోశాధికారి గానీ సభ్యులుగా ఉండకూడదు. పిలిస్తే వెళ్లి జవాబు చెప్పాలి, అంతే. ఇది నా సొంత తెలివి కాదు. పార్లమెంటులో ప్రభుత్వ ఖర్చులు చూసే ప్రజా పద్దుల కమిటీలో 22 మంది ఉంటారు, లోక్‌సభ నుంచి 15, రాజ్యసభ నుంచి 7. మంత్రి అయినవారు అందులో ఉండటానికి వీల్లేదు. 1967 నుంచి ఆ కుర్చీలో ప్రతిపక్షం వాళ్లనే కూర్చోబెడుతున్నారు. ఖర్చు పెట్టిన చెయ్యి, లెక్క చూసే కన్ను ఒకే మనిషివి కాకూడదని. మీకు ప్రతిపక్షానికి కొదవలేదు కదా, పోల్‌లో వ్యతిరేకంగా ఓటేసిన ఆ 11 మందిలో ఎవరో ఒకరిని కన్వీనరుగా పెట్టండి. సగం గొడవ అక్కడే చల్లారుతుంది.

కోరం 7 మందిలో 4 అనుకుందాం. సరే, 5 మంది వచ్చారు. ఒక తీర్మానానికి ఇద్దరు అనుకూలం, ఒకరు వ్యతిరేకం, ఇద్దరు "మేం తటస్థం" అన్నారు. తీర్మానం నెగ్గిందా, ఓడిందా? మీ నియమం "ఓటు వేసినవారిలో మెజారిటీ" అంటే ముగ్గురిలో ఇద్దరు, నెగ్గింది. "హాజరైనవారిలో మెజారిటీ" అంటే అయిదుగురిలో ఇద్దరే, ఓడింది. "మొత్తం సభ్యుల్లో" అంటే ఏడుగురిలో ఇద్దరు, చిత్తుగా ఓడింది. మనుషులు వాళ్లే, చేతులు అవే. మీ రెండో వాక్యంలో ఒట్టి "మెజారిటీ" అని రాసి వదిలేశారు కాబట్టి ఇలాంటి రోజు వస్తే మూడు వర్గాలూ నిజమే చెబుతాయి. మామూలు పనులకు హాజరై ఓటు వేసినవారిలో మెజారిటీ చాలు. డబ్బు గీత దాటే సిఫారసులకు మొత్తం సభ్యుల్లో మెజారిటీ, అంటే ఏడుగురిలో నాలుగు చేతులు ఉండాలని పెట్టుకోండి.

చేతులంటే గుర్తొచ్చింది. నేను పనిచేసిన ఆఫీసులో ఉద్యోగుల పొదుపు సంఘం ఉండేది. 11 మంది కార్యవర్గంలో ఆ రోజు 9 మంది వచ్చారు. జామీను అప్పు పరిమితి పెంచాలని తీర్మానం. నేను పుస్తకం ముందు పెట్టుకుని చేతులు లెక్కపెట్టాను, అనుకూలం 5, వ్యతిరేకం 4. రాసేశాను, అధ్యక్షులు సంతకం పెట్టేశారు. పది రోజుల తర్వాత ఒకాయన మినిట్స్ చదివి నా బల్ల దగ్గరకు వచ్చాడు. "అమ్మా, నేను చెయ్యెత్తింది గుమ్మంలో టీ కుర్రాడికి. నాకు పంచదార వద్దని చెప్పడానికి" అన్నాడు. తీర్మానానికి ఆయన అనుకూలమూ కాదు, వ్యతిరేకమూ కాదు, అసలు వినలేదట. అంటే లెక్క 4–4. అప్పుడు అధ్యక్షులు "అయితే నా కాస్టింగ్ ఓటు వేస్తాను" అన్నారు, అంటే సమానంగా పడ్డప్పుడు అధ్యక్షులు వేసే ఓటు. ఆయన ఓటు ఆ నాలుగులో ఒకటి. రెండోసారి వేయొచ్చా? బైలాలు ముందు నుంచి వెనక్కి, వెనక నుంచి ముందుకు తిప్పాం. కాస్టింగ్ ఓటు అన్న మాటే లేదు. చివరికి ఆ తీర్మానాన్ని మళ్లీ సభలో పెడితే 6–3తో నెగ్గింది, అది వేరే సంగతి. ఆ రోజు నుంచి నేను చేతులు లెక్కపెట్టడం మానేశాను. పేరు పిలుస్తాను. "అనుకూలం", "వ్యతిరేకం", "తటస్థం" అని నోటితో చెప్పాలి. పేరు ఎదురుగా రాసుకుంటాను. టీ మాత్రం ఓటింగు అయ్యాకే.

సమానంగా పడితే ఏం చేయాలో మీరూ ముందే రాసుకోండి. దారులు రెండున్నాయి. లోక్‌సభలో స్పీకరు మొదట ఓటే వేయరు, సమానమైతేనే వేస్తారు. అదే లోక్‌సభ కమిటీల్లో అయితే సమానమైనప్పుడు చైర్మన్‌కు రెండో ఓటు ఉంటుంది. నన్నడిగితే ఇళ్ల దగ్గర కమిటీలకు రెండూ వద్దు. సమానమైతే తీర్మానం వీగిపోయినట్టే, ఉన్నది ఉన్నట్టు సాగుతుంది. పక్క ఫ్లాటు ఆయన రెండు ఓట్లు వేశాడన్న కోపం లిఫ్టులో రోజూ ఎదురవుతుంది.

కోశాధికారి బావమరిది విషయం సూటిగా చెబుతాను. చుట్టరికం ఉండటం నేరం కాదు, చెప్పకపోవడం తప్పు. ఎజెండాలో ఆ అంశం రాగానే "ఇతను నాకు బంధువు" అని చెప్పి, అది మినిట్స్‌లో రాయించి, చర్చ జరిగినంతసేపు బయటకు వెళ్లాలి. ఆయన్ను ఆ అంశం వరకు హారంలోంచి కూడా తీసేయండి, అంటే ఏడుగురి కమిటీ కాస్తా ఆరుగురిదవుతుంది. సొంత ప్రయోజనం ఉన్న సభ్యుడి మీద అభ్యంతరం చెప్పే నియమం పార్లమెంటు కమిటీలకే ఉంది, మనమెంత.

వాట్సాప్‌లో చర్చించుకోండి, కొటేషన్ల ఫోటోలు పెట్టుకోండి. ఓటు మాత్రం గదిలో. మరీ తప్పకపోతే, సభ్యుల ఏడు నంబర్లే ఉన్న వేరే గ్రూపులో, 48 గంటల గడువుతో, ఎవరు ఏమన్నారో పేర్లతో సహా తర్వాతి మీటింగు మినిట్స్‌లో ఎక్కించే షరతు మీద. మీటింగుకు మూడు రోజుల ముందు ఎజెండా వెళ్లాలి. అన్ని ఎజెండాల్లోనూ చివర "అధ్యక్షుల అనుమతితో ఇతర విషయాలు" అని ఒక అంశం ఉంటుంది కదా, దాని కింద డబ్బు తీర్మానాలు కుదరవని తప్పకుండా రాయండి. నా సర్వీసులో చూసిన తగాదాల్లో చాలావాటికి ఆ చివరి అంశమే పుట్టిల్లు. సగం మంది ఇంటికి బయల్దేరాక అది మొదలవుతుంది.

రాని సభ్యుల సంగతి కూడా ఉంది. లోక్‌సభ కమిటీల్లో అనుమతి లేకుండా వరసగా రెండుసార్లు రాకపోతే తొలగించే తీర్మానం పెట్టొచ్చు. మీరు మూడు చేయండి, పిల్లల పరీక్షలవీ ఉంటాయి.

మరి అందరినీ పిలిచే వీలే లేకపోతే? 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను వచ్చినప్పుడు మా ఎం.వి.పి. కాలనీ అపార్ట్‌మెంటులో అదే జరిగింది. కరెంటు లేదు, ఫోన్లు లేవు, వీధిలో చెట్లు అడ్డంగా పడున్నాయి. మోటారు నడవాలంటే జనరేటరుకు డీజిల్ కావాలి. డబ్బు కోశాధికారి బీరువాలో ఉంది, తీర్మానం లేకుండా ఇవ్వనన్నాడాయన. నాకు ఒళ్లు మండిందిగానీ ఆయన చెప్పింది తప్పు కాదు. కార్యదర్శి హైదరాబాద్‌లో చిక్కుకుపోయాడు. మేం నలుగురం మెట్ల కింద నిలబడి, తడిసిన క్యాలెండర్లోంచి అక్టోబరు కాగితం చింపి, దాని వెనక తీర్మానం రాసి సంతకాలు పెట్టాం. ఆ కాగితం ఇప్పటికీ మా మినిట్స్ పుస్తకంలో అతికించి ఉంది, సిరా కాస్త పాకింది. తర్వాత నియమం పెట్టుకున్నాం: అత్యవసరమైతే కమిటీలో ఏ ముగ్గురైనా నిర్ణయించవచ్చు, తర్వాతి మీటింగులో దాన్ని ఆమోదానికి పెట్టాలి. సముద్రం పక్కన ఉన్నవాళ్లం, మీరూ పెట్టుకోండి.

పాత పోల్ సంగతి: ట్యాంకర్లు ఆపకండి, ఎండాకాలం. కార్యవర్గం వెంటనే కూర్చుని, కోశాధికారి బయట ఉండగా, రెండు కొటేషన్లూ పక్కపక్కన పెట్టి, పేర్లు పిలిచి ఓటు తీసుకోండి. ఆ 14–11ను అభిప్రాయ సేకరణ అని మినిట్స్‌లో రాయండి. సబ్ కమిటీల నియమాలు కార్యవర్గమే చేసుకోవచ్చో, సర్వసభ్య సమావేశానికి వెళ్లాలో మీ బైలాలు చెబుతాయి. బైలాలే మార్చాల్సి వస్తే సవరణ రిజిస్ట్రారు దగ్గర దాఖలు కావాలి, మరిచిపోవద్దు.

ప్రశ్న: మేడమ్ గారూ, మాది ఫిషింగ్ హార్బర్. మరబోట్ల యజమానుల సంఘం, 42 మందిమి. బైలాల్లో కోరం సగం, అంటే 21. ఒక్కసారీ నిండదు. బోటు వెళ్తే పది పదిహేను రోజులు సముద్రం మీదే. మూడుసార్లు వాయిదా వేశాం. మా పెద్దలేమో ఓట్లెందుకు, నలుగురం కూర్చుని మాట చెబితే చాలదా అంటున్నారు. — ఒక బోటు యజమాని

జవాబు: బాబూ, మీకు దేవుడిచ్చిన కోరం ఒకటుంది. మన తూర్పు తీరంలో ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు 61 రోజులు వేట నిషేధం. ఆ రెండు నెలలూ బోట్లన్నీ ఒడ్డునే ఉంటాయి, రంగులు వేయించుకుంటూ, ఇంజన్లు విప్పుకుంటూ. వార్షిక సమావేశం, ఎన్నికలు, లెక్కల ఆమోదం అన్నీ ఏప్రిల్ చివరి వారంలో పెట్టుకోవాలని బైలాల్లోనే రాసేయండి. వేరే ఊరి నియమావళి చూసి సెప్టెంబరు అని రాసుకుంటే మీకు మనుషులెక్కడి నుంచి వస్తారు?

మిగతా పది నెలలకు కోరం తగ్గించండి. సగం అనేది ఘనంగా వినిపిస్తుందిగానీ 543 మంది ఉన్న లోక్‌సభకే కోరం పదో వంతు, 55 మంది చాలు. మీరు మూడో వంతు పెట్టుకోండి, 14 మంది. చాలా సంఘాల బైలాల్లో ఇంకో వాక్యం ఉంటుంది: కోరం లేక వాయిదా పడిన సభ అరగంట తర్వాత మళ్లీ మొదలైతే కోరం అక్కర్లేదు అని. దాన్ని జాగ్రత్తగా వాడండి. పాత ఎజెండాలో ఉన్నవి తప్ప కొత్తవేవీ ఆ సభలో పెట్టకూడదు, డీజిల్ బాకీలూ ఐసు బాకీలూ లాంటి డబ్బు విషయాలు అసలు తేకూడదు. లేకపోతే అయిదుగురు కావాలనే ఆలస్యంగా వచ్చి, అరగంట ఆగి, 42 మంది తరఫున సంతకాలు పెట్టేస్తారు. చూశాను కనుక చెబుతున్నాను.

సముద్రం మీదున్నవాళ్ల ఓటు ఇంకొకరు వేయడం, అదే ప్రాక్సీ, సర్వసభ్య సమావేశం వరకు ఒప్పుకోవచ్చు. కాగితం మీద సంతకం ఉండాలి, ఏ తేదీ సభకో రాయాలి, ఒక్కరి చేతిలో ఒక్క ప్రాక్సీకి మించి ఉండకూడదు. కమిటీలో ప్రాక్సీ వద్దే వద్దు. ఇంకో మాట. బోటు కాగితాలు భార్య పేరున ఉంటే సంఘంలో సభ్యురాలు ఆమె. ఆమె ఒడ్డునే ఉంటుంది, లెక్కలు చూసేదీ చాలాచోట్ల ఆమే. మీ 42లో అలాంటివారు ఎంతమందో ఒకసారి చూసుకోండి. కోరం నిండకపోవడానికి కారణం సముద్రమా, నోటీసు మగవాళ్లకే పంపడమా అన్నది తేలిపోతుంది.

పెద్దల మాట కొట్టేయను. ముందు అందరూ మాట్లాడి ఒక మాట మీదకు రావడానికి చూడండి, గంటన్నర టైము పెట్టుకోండి. అప్పటికీ తేలకపోతే ఓటు. ఒక మాట మీదకు వచ్చినా "ఏకగ్రీవం" అని రాసే ముందు, ఎవరికైనా అభ్యంతరం ఉందా అని గట్టిగా అడిగి, రెండు క్షణాలు ఆగండి.

ప్రశ్న: టీ కొట్టు దగ్గర మా ఇద్దరి మధ్య పందెం. మన జీవీఎంసీ (విశాఖ నగరపాలక సంస్థ) మేయరు మీద అవిశ్వాసానికి 74 ఓట్లు ఎందుకు కావాల్సి వచ్చాయి? సగానికి పైన ఉంటే చాలదా? పార్టీల సంగతి వద్దు, లెక్క చెప్పండి చాలు. — ఇద్దరు మిత్రులు, గాజువాక

జవాబు: పందెం ఎంతో రాయలేదు. 98 వార్డుల కార్పొరేషన్‌లో అప్పటికి 97 మంది కార్పొరేటర్లున్నారు. ఎంపీలు, ఎమ్మెల్యేలు, ఎమ్మెల్సీలు పదవి రీత్యా సభ్యులు, ఓటు హక్కుతో, మరో 14 మంది. మొత్తం 111. అవిశ్వాసానికి మూడింట రెండొంతులు కావాలి, 111లో రెండొంతులు సరిగ్గా 74. 2025 ఏప్రిల్ 19న పడ్డవి కూడా సరిగ్గా 74. ఒక్కటి తగ్గినా వీగిపోయేది.

ఇక్కడ హారం "మొత్తం సభ్యులు". కాబట్టి రానివాళ్లు ఇంట్లో కూర్చున్నా లెక్కలో ఉన్నట్టే, వాళ్ల కుర్చీ ఖాళీగానే వ్యతిరేకంగా ఓటేస్తుంది. అదే "హాజరై ఓటు వేసినవారిలో" అని ఉంటే రానివాళ్ల లెక్కే ఉండదు. రాజ్యాంగ సవరణకైతే ఈ రెండు కొలతలూ కలిపి పెట్టారు. 368వ అధికరణం ప్రకారం ప్రతి సభలోనూ మొత్తం సభ్యుల్లో సగానికి పైన ఉండాలి, హాజరై ఓటు వేసినవారిలో మూడింట రెండొంతులూ ఉండాలి. పదిమంది ఉన్న రోజు చూసి ఎవరూ రాజ్యాంగాన్ని మార్చేయకూడదని.

మీ కాలనీ సంఘం అధ్యక్షుణ్ణి దింపే నియమం రాసేటప్పుడు కూడా హారం మొత్తం సభ్యులే అవ్వాలి. ఎన్నుకున్నది సంక్రాంతికి ఊరు నిండినప్పుడు, దింపేది జనం లేని వేసవి సెలవుల్లో, అదేం న్యాయం? పందెంలో "సగం చాలు" అన్నాయన ఓడిపోయాడు, టీ డబ్బులు ఆయనవే.

ప్రశ్న: బీచ్ దగ్గర బండి పెట్టుకుని బతుకుతున్నాం. వీధి వ్యాపారుల కమిటీ అంటే అధికారుల కమిటీయేనా? అందులో మావాళ్లు ఉంటారా అమ్మా? — ఒక మురీ మిక్చర్ బండి ఆమె

జవాబు: ఉండాలి తల్లీ, చట్టమే చెప్పింది. 2014 వీధి వ్యాపారుల చట్టం ప్రకారం పట్టణ విక్రయ కమిటీకి కమిషనరు అధ్యక్షులు. సభ్యుల్లో నూటికి 40 మందికి తగ్గకుండా వ్యాపారులే ఉండాలి, వాళ్లను వ్యాపారులే ఎన్నుకోవాలి, ఆ వ్యాపారుల్లో మూడో వంతు ఆడవాళ్లు. స్వచ్ఛంద సంస్థలు, స్థానిక సంఘాలకు కనీసం 10 శాతం. 15 మంది కమిటీ అనుకుంటే మీవాళ్లు 6, అందులో ఆడవాళ్లు 2. ఇప్పుడు లెక్క చూడు, 15లో 6 మెజారిటీ కాదు. ఇంకో ఇద్దరు మీ మాటకు తోడు రావాలి. ఆ ఇద్దరు ఎవరో మీటింగు ముందే చూసుకోవాలి. మీ ఆరుగురిలో ఒకరు ఆ రోజు బండి వదిలి రాలేకపోతే ముగ్గురిని వెతుక్కోవాలి. అందుకే మీటింగు సాయంత్రం పెడితే ఒప్పుకోవద్దు, మీ బేరాల వేళ అది. పొద్దున పెట్టమనండి, కాగితం మీద అడగండి.

ప్రశ్న: మేం ఆర్.కె. బీచ్‌లో రోజూ పొద్దున్నే నడిచే 6 మందిమి. సంఘం పెట్టి రిజిస్టర్ చేయిద్దామనుకుంటున్నాం. అధ్యక్షుడు, ఉపాధ్యక్షుడు, కార్యదర్శి, సహ కార్యదర్శి, కోశాధికారి పదవులు పంచుకున్నాం. ఇంకేం కావాలి? — ఒక ఉపాధ్యక్షుడు

జవాబు: ఆంధ్రప్రదేశ్ సొసైటీల రిజిస్ట్రేషన్ చట్టం, 2001 ప్రకారం కనీసం 7 మంది ఉండాలి. మీకు ఇంకొకరు కావాలి. అయిదు పదవులు పంచుకున్నాక ఒకే ఒక్క మామూలు సభ్యుడు మిగిలాడు, పాపం ఆయన మీద జాలేస్తుంది. ఏడో మనిషి దొరికాక బైలాల నకలు పంపండి, చూసి పెడతాను. నా దిద్దుబాట్లు పెన్సిల్‌తో ఉంటాయి, మీరు ఒప్పుకున్నవే పెన్నుతో రాసుకోండి.